పేరు చెప్పని గొంతు

మిక్సీ గర్రుమంది. అది ఆగేలోపే పక్కన ఇంకోటి మొదలైంది. మైత్రీవనం వెనక సందులో, హాస్టళ్ళ బోర్డుల కింద ఇరుక్కుని ఉన్న ఆ రిపేరు కొట్లో మనిషి గొంతుకి చోటు లేదు. "ఇంకా ఎంతసేపు, భాయ్?" అని అడిగింది సుమశ్రీ. అడిగినట్టు ఆమెకి తెలిసింది గానీ బల్లకి అవతల కూర్చున్న సర్దార్ భాయ్‌కి తెలియలేదు. ఆయన ఆమె జార్‌ని బోర్లించి, దాని అడుగున దేన్నో పట్టకారుతో తిప్పుతూ తన లోకంలో తానున్నాడు. ఇంకోసారి అడగాలంటే ఊపిరి కూడదీసుకోవాలి. కూడదీసుకుని అడిగినా గాలి ఎక్కువొచ్చి మాట తక్కువొస్తుంది. అందుకని బల్ల మీద వేళ్ళతో టకటకా కొట్టింది. ఆయన తలెత్తాక చేతి గడియారం చూపించింది. "అయిపాయె మేడం, జర కూసోండ్రి," అన్నాడు. ఏడాదిన్నరగా ఆమె సంసారం ఇలాగే సాగుతోంది, వేళ్ళతో, చప్పట్లతో, కనుబొమలతో. ఇవ్వాళ మాత్రం వేళ్ళు పనికిరావు. ఇంకాసేపట్లో స్నేహితురాలు మంజూష ఆమె గొంతు వింటుంది. వినాల్సిందే. అందుకే కదా నాగపూర్ నుంచి ఈ చలిలో జార్ మోసుకుని వచ్చింది.

జార్ ఒక సాకు. సాకే గానీ అబద్ధం కాదు, నిజంగానే అడుగు నుంచి కారుతోంది, చట్నీ రుబ్బితే గట్టంతా పచ్చడవుతోంది. "నాగపూర్లో మిక్సీలు బాగుచేసేవాళ్ళే లేరా?" అని మొగుడు కృష్ణమోహన్ నవ్వాడు. లేకేం, ఉన్నారు. ఈ కంపెనీ సామాను అమీర్‌పేటలోనే దొరుకుతుందని చెప్పి స్వెట్టర్ల మధ్య కుక్కేసింది. ఆడమనిషి ఒక్కతే పుట్టిన ఊరికి బయల్దేరాలంటే చేతిలో ఏవో పనులుండాలి మరి. జార్ కారుతోంది, కళ్ళజోడు మార్చాలి, జాకెట్లు కుట్టడానికిచ్చి మర్చిపోయాను, సుహానాని, మంజూషని చూసి ఎన్నాళ్ళయిందో. ఇన్ని చెప్పుకుపోతే ఎవరూ ఏమీ అడగరు. అదే డబ్బింగ్ వాయిస్ టెస్టుకి వెళ్తున్నానని ఒక్క ముక్క అంటే ఇక ప్రశ్నలే ప్రశ్నలు. కృష్ణమోహన్ మంచివాడు. మంచివాడు కాబట్టే భయం. "ఎందుకు సుమా మళ్ళీ మనసు కష్టపెట్టుకోవడం?" అంటాడు, అంత ప్రేమగా అంటాడు కాబట్టి తను నిజంగానే మానేస్తుంది. మానేయదలచుకోలేదు. కళ్ళజోడు నిన్న అయిపోయింది. జాకెట్లు పొద్దున్నే తెచ్చి పంజగుట్టలో అన్నయ్య ఇంట్లో వదినకి అప్పజెప్పింది. ఒక్కో పనీ తెమిలిపోతుంటే అసలు పని దాక్కోవడానికి చోటు లేక ఎదురుగా వచ్చి నిలబడింది.

మిక్సీలన్నీ ఒక్కసారి ఆగాయి. అప్పుడు వినపడింది. బల్ల మూల డబ్బాకి ఆనించి పెట్టిన సర్దార్ భాయ్ ఫోన్లో ఎవరో అమ్మాయి ఏడుస్తోంది. "నన్ను నమ్మవా? ఒక్కసారి నా కళ్ళలోకి చూసి చెప్పు..." సుమశ్రీ వెన్ను నిటారుగా అయింది. ఆ ఏడుపు తనది, తను డబ్బింగ్ చెప్పినది. వేరే భాష నుంచి తెలుగు చేసిన సీరియల్, తిప్పి తిప్పి వేస్తూనే ఉంటారు. 'కళ్ళలోకి' అన్నచోట గొంతు సన్నగా పైకెక్కి, ఇక విరిగిపోతుందనిపించి, విరక్కుండా కిందికి దిగుతుంది. అలా దించడం అప్పట్లో తనొక్కతికే చేతనయ్యేది. ఆ రోజు కడుపులో ఇడ్లీ తప్ప ఏం లేదు, పొద్దుటి నుంచి బూత్‌లో నిలబడి ఎపిసోడ్ మీద ఎపిసోడ్ చెబుతోంది, అయినా ఒక్క టేక్‌లో దించింది. "గీ పిల్ల ఏడుస్తే మస్తుంటది మేడం," అన్నాడు సర్దార్ భాయ్ స్క్రూ బిగిస్తూ. "మా ఇంట్ల ఆడోళ్ళు సుత ఈమెతోని కల్సి ఏడుస్తరు." "బావుంది," అంది సుమశ్రీ. అంది గానీ లోపల భగ్గుమంది. పరాయివాళ్ళ మీద కుళ్ళుకోవడం ఎవరికైనా ఉన్నదే, తన మీద తనే కుళ్ళుకోవాల్సి రావడం ఏం ఖర్మ! ఆ పిల్ల ఇంకా కళ్ళలోకి చూడమంటూనే ఉంది. తను మాత్రం రిపేరు కొట్లో స్టూలు మీద కూర్చుని బల్ల మీద వేళ్ళతో కొడుతోంది.

గొంతులో రెండు తీగలుంటాయట. మెడలో గడ్డ తీసేటప్పుడు వాటిలో ఒకటి బెదిరి పడుకుండిపోయింది. ఇలా జరగొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, గడ్డ తీయకుండా ఉండడానికీ వీల్లేదు, ఎవరినని ఏం లాభం? మొదట కొన్నాళ్ళు గాలే. ఆ తర్వాత ఒక సాయంత్రం వంటింట్లో పాలు పొంగుతుంటే నోట్లోంచి "అయ్యో" అని పడింది, బొంగురుగా, ఎవరో వెనక నిలబడి అన్నట్టు. పాలు పొంగిపోతే పోయాయి, గొంతొచ్చింది! ఈ మాట అందరికంటే ముందు మంజూషకి చెప్పాలి. తన ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది, కృష్ణమోహన్ ఫోన్ తీసుకుని చేసింది. డబ్బింగ్ వాళ్ళలో ఒక అలవాటుంది. ఫోన్ చేస్తే పేరు చెప్పరు. ఎవరి ఫోన్ నుంచి చేసినా, థియేటర్ ఫోన్ నుంచి చేసినా, "ఏంటే, తిన్నావా?" అంటే చాలు, అవతలివాళ్ళు పట్టేస్తారు. పట్టుకోలేకపోతే నువ్వీ పనికి పనికిరావని ఏడిపిస్తారు. పేరు చెప్పేది కొత్తవాళ్ళు. టెస్టుకొచ్చిన కొత్తవాళ్ళు మైకు ముందు నిలబడి ముందు పేరు, ఆ తర్వాత డైలాగు. పేరు చెప్పక్కర్లేని రోజు వచ్చిందంటే ఆర్టిస్టు అయినట్టు. ఆ సాయంత్రం కూడా సుమశ్రీ పేరు చెప్పలేదు. "ఏంటే, తిన్నావా?" అంది. అవతల ఎంతో మర్యాదగా, "ఎవరండీ?" అంది మంజూష.

ఆ 'అండీ'. తిట్టినా బాగుండేది. ఒకే ప్లేటులో దోసె తిని, ఒకే మైకు ముందు భుజం భుజం రాసుకుని గుంపు గొంతులు చెప్పి, ఒకరికి జలుబు చేస్తే ఇంకొకరు ఆ గొంతు తెచ్చిపెట్టుకుని డైలాగు పూర్తి చేసిన మనుషుల మధ్య ఆ 'అండీ' ఎక్కడి నుంచి వచ్చి కూర్చుంది? "రాంగ్ నంబర్," అని పెట్టేసింది. మంజూషకి ఈనాటికీ తెలీదు. ఆ తర్వాత ఆమె ఫోన్ చేసినప్పుడల్లా ఇక్కడ సిగ్నల్ లేదు, పాప పడుకుంది, ప్రయాణంలో ఉన్నాను. మంజూష పొడుగు పొడుగు వాయిస్ మెసేజ్‌లు పంపితే తను టైప్ చేసి జవాబిచ్చేది. గొంతు ఎలా ఉందే అంటే బానే ఉంది అని టైప్ చేసేది. బానే ఉంది అన్న మాట టైప్ చేయడం ఎంత తేలికో.

రోజూ పొద్దున్నే గ్లాసెడు నీళ్ళు, అందులో స్ట్రా. స్ట్రాలోంచి ఊదుతూ కూనిరాగం తీయాలి, బుడగలు రావాలి, రాగం తెగకూడదు. కూతురు ధాత్రికి అదో ఆట, తనూ పాలగ్లాసులో స్ట్రా పెట్టి బుడబుడలాడించేది, స్కూల్ వ్యాన్ హారన్ కొట్టేదాకా తల్లీకూతుళ్ళు గేదెల్లా బుడగలు. ఊదగా ఊదగా గాలి తగ్గింది. కింది స్వరం గట్టిపడింది. పైది రాలేదు. రాదని చెప్పారు కూడా. అరుపు పోయింది, ఏడుపు పోయింది, పదహారేళ్ళ పిల్ల నవ్వు పోయింది. మిగిలింది ఒక బరువైన, గరుకు గొంతు, ఎవరిదో తెలియని గొంతు. ఒకరోజు ఎదురింటావిడ తలుపు అవతలి నుంచి విని "మీ అత్తగారు వచ్చారా?" అని అడిగింది. ఆ రాత్రి ఏడ్చింది. పొద్దున్నే లేచి మళ్ళీ గ్లాసులో నీళ్ళు పోసుకుంది.

"జార్ మంచిగనే ఉంది మేడం. లోపల బుష్ అరిగింది, గంతే," అని సర్దార్ భాయ్ జార్‌ని సంచీలో పెట్టి ఇచ్చాడు. "కొత్తది ఏసిన. ఇగ కారదు. కాని సప్పుడు జర వేరే వస్తది, ఫికర్ చెయ్యకుండ్రి." సుమశ్రీకి నవ్వొచ్చింది. నవ్వితే ఖర్‌మని శబ్దం వస్తుంది, వచ్చింది. ఆయన ఫోన్‌లోని పిల్ల వంక ఇంకోసారి చూడకుండా మెట్లు దిగి సందులో పడింది.

సందులో నడవాలంటే భుజం ముందు పెట్టాలి. కోచింగ్ సెంటర్ల నుంచి బ్యాచ్ వదిలినట్టున్నారు, వీపున బ్యాగులతో పిల్లలు బిలబిలా మెట్లు దిగుతున్నారు, ఒకరి చేతిలో పునుగుల పొట్లం, ఒకరి నోట్లో ఇంటర్వ్యూ ప్రశ్న. ఎవడో కరపత్రం చేతిలో కుక్కాడు, కొత్త బ్యాచ్, సోమవారం నుంచి. ఎండ ఉంది గానీ నీడలోకొస్తే చలి. ఫుట్‌పాత్ మీద స్వెట్టర్ల కుప్పలు. "ఏదైనా రెండొందలు!" అని అరుస్తున్నవాడి గొంతు చూసి ఆగింది, ఎంత నిర్లక్ష్యంగా అరుస్తున్నాడు, పొదుపు అనేదే లేదు, సాయంత్రానికి ఏం మిగులుతుంది వీడికి? ఈ సందులోనే కాదూ పొద్దున సుహానా బొంగురు గొంతుతో నవ్వింది. సుహానా పంజగుట్టలో కింది వాటా పిల్ల, చిన్నప్పటి నుంచీ ఒకే మెట్ల మీద పెరిగారు. ఇప్పుడిక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతుంది, మైకు పెట్టుకుని పొద్దంతా అరిచి అరిచి ఎప్పుడూ తనలాగే గరగరమంటుంది. ఈ గొంతు విని ముఖం మార్చనిది ఆమె ఒక్కతే. ఇరానీ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, "నా గొంతు ఇంతకన్న ఖరాబుంది, నాకైతే జీతమిస్తున్నరు," అంది.

విషయం చెప్పింది కూడా ఆమెకొక్కతికే. మంజూష ఇప్పుడు డబ్బింగ్ ఇన్‌చార్జి, ఎవరి గొంతు ఎవరికో నిర్ణయించేది ఆమే. తను బయల్దేరకముందు పంపిన మెసేజ్‌లో లంచ్‌కి ముగ్గురం కలుద్దాం అంటూ మధ్యలో వాపోయింది, పంజగుట్ట డబ్బింగ్ థియేటర్లో రోజూ పొద్దుటి నుంచి టెస్టులే టెస్టులు, లేడీస్ హాస్టల్ సీరియల్ ఒకటి వచ్చింది, హాస్టల్ ఆంటీ గొంతు దొరక్క చస్తున్నానే అని. సుమశ్రీ ఆ ముక్క ఎన్నిసార్లు విందో. "అయితే ఫోన్ కొట్టి అడుగు, దోస్తే కదా," అంది సుహానా. అదే కుదరదు. దోస్తు చెవి నిజం చెప్పదు. పాపం సుమ అని మూలనున్న ఏదో ముసలమ్మ పాత్ర ఇస్తుంది, రెండు డైలాగులు, గుంపులో ఒక కేక. అది చేతిలో పెట్టించుకుని నాగపూర్ రైలెక్కడం కన్నా చట్నీ రుబ్బుకోవడం నయం. లంచ్‌లో ఎదురెదురుగా కూర్చున్నాక ఎలాగూ ఈ గొంతు వింటుంది. తప్పదు. తప్పనప్పుడు ముందు మైకులో వినాలి, మనిషి ముఖం చూడకుండా, పేరు తెలియకుండా, ఎవరో దారినపోయే దానయ్యని విన్నట్టు వినాలి. పనికొస్తే పనికొచ్చిందనాలి. పనికిరాకపోతే ఆ మాట కూడా ఆమె నోటే రావాలి. ఆ తర్వాత బిర్యానీ తినొచ్చు. సుహానా సాసర్ కింద పెట్టింది. "నువ్వు పాగల్," అని చెయ్యి పట్టుకుంది. "పో. కాని మధ్యల వాపసొస్తే నేను మాట్లాడ."

మెట్రో ఎక్కితే ఒక్క స్టేషన్. మెట్లెక్కి సంచీ తనిఖీకిచ్చి, జార్ తీసి చూపించి, మళ్ళీ దిగేలోపు నడిచిపోవచ్చు. పైన రైలు పోతుంటే కింద నీడ పరుగెత్తింది, ఆమె స్తంభాల పక్కనే పంజగుట్ట వైపు నడిచింది. దుమ్ముకి చున్నీ మూతికి చుట్టుకుంది. లోపల పెదాలు మూసి సన్నగా మ్మ్ మ్మ్ అని రాగం తీస్తోంది, హారన్ల మధ్య ఎవరికి వినిపిస్తుంది గనక. మ్మ్. ఇంకొంచెం కింద. మ్మ్. అక్కడ ఉంది, గట్టిగా ఉంది, దాన్ని వదలకు. వెనక్కి తిరిగిపోతే? ఇప్పుడు, ఈ సిగ్నల్ దగ్గర రోడ్డు దాటేస్తే అన్నయ్య ఇల్లు ఎంతో దూరం లేదు. వదిన వేడివేడిగా అన్నం పెడుతుంది. మంజూషకి తలనొప్పి అని టైప్ చేయొచ్చు. వేళ్ళు అప్పుడే ఫోన్ మీదకి పోయాయి, ఈ వేళ్ళు పాడుగాను, ఏడాదిన్నరగా వీటికి మాట్లాడటం అలవాటైపోయింది. ఫోన్ సంచీలో పడేసింది, జార్ లోపలికి. ఇక తీయాలంటే మూత విప్పాలి. విప్పదు.

హాస్టల్ ఆంటీ అంటే ఎలా ఉండాలి? అరవాలి. టెస్టుకొచ్చినవాళ్ళంతా అరుస్తుంటారు ఈపాటికి, అందుకే మంజూషకి దొరకడం లేదేమో. మంజూష అసలు ఈ ఊరొచ్చింది కోడింగ్ నేర్చుకోవడానికి, తెనాలి నుంచి, అమీర్‌పేటలో నలుగురు పిల్లలతో ఒక గదిలో. సినిమా డబ్బింగ్‌కి గుంపు గొంతులు కావాలని కృష్ణానగర్ నుంచి ఎవరో వచ్చి పిలిస్తే సరదాకి పోయింది, అక్కడ సుమశ్రీ పక్కన నిలబడింది, ఇక కోడింగ్ గంగలో కలిసింది. పని అయ్యేసరికి పొద్దుపోయేది. హాస్టల్ దాకా తోడు సుమశ్రీ. అక్కడ హాస్టల్ నడిపే ఆవిడ ఉండేది, సీతామహాలక్ష్మి గారు, ఏలూరు వైపు మనిషి, నేత చీర, చేతిలో తాళంచెవుల గుత్తి. ఏనాడూ గొంతెత్తింది లేదు. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని దొంగల్లా మెట్లెక్కుతుంటే చీకట్లోంచి, పక్కవాళ్ళతో మాట్లాడినట్టు, "వచ్చావా, అమ్మా?" అనేది. అంతే. మంజూష కాళ్ళు అక్కడే ఆగిపోయేవి. తిట్టినా పడేవాళ్ళు, ఇంటికి ఫోన్ చేస్తానన్నా ఏడ్చి తప్పించుకునేవాళ్ళు, ఆ 'వచ్చావా, అమ్మా' కి మాత్రం మందు లేదు. తర్వాత ఆవిడే పళ్ళెంలో అన్నం పెట్టి ముందు పెట్టేది. ఇవ్వాళ ఎందుకు గుర్తొచ్చింది? వస్తే వచ్చింది, నడు.

ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ గడ్డకట్టినట్టు ఉంది. సందు తిరిగింది. థియేటర్ బయటి గోడ మీద పాత రంగే, మెట్ల దగ్గర అదే వేపచెట్టు, అదే చెప్పుల కుప్ప. గొంతు వెంటనే ఎండిపోయింది, చూశావా, ఇదే దీని వరస. సీసాలో నీళ్ళు రెండు గుక్కలు తాగింది. లోపల బెంచీ మీద ఇద్దరాడవాళ్ళు కాగితాలు పట్టుకుని పెదాలు కదుపుతున్నారు. తలుపు దగ్గర మేనేజర్ బుచ్చయ్య, జుట్టు ఇంకా నెరిసింది. సుమశ్రీ చున్నీ దించేసరికి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అరె, సుమ..." అనబోయాడు. ఆమె పెదాల మీద వేలు పెట్టి, చేతులు జోడించింది. ఆయన కాసేపు ఆమె మెడ మీదున్న గీత వంక చూశాడు. ఏమర్థమైందో, బల్ల మీంచి ఒక కాగితం తీసిచ్చి, మెల్లగా, "కూసో బిడ్డా. నీ తాన పేరడుగ," అన్నాడు. ఆ ఒక్క మాటకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు కాదు, ఏడిస్తే ముక్కు మూసుకుపోతుంది. ఆపుకుంది.

ఈ థియేటర్లోనే ఎందుకంటే ఇక్కడ బూత్‌కి అద్దం లేదు. మధ్యలో గోడ. అవతల ఇన్‌చార్జి, ఇంజనీరు కేదార్. ఇవతల ఆర్టిస్టు, మైకు, చిన్న తెర, కాగితం మీదకి ఒక దీపం. ఒకరికొకరు చెవుల్లోనే. బెంచీ మీది ఇద్దరూ లోపలికెళ్ళి వచ్చారు, ఇద్దరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి, అరిచారన్నమాట. బుచ్చయ్య తలుపు తీసి పట్టుకున్నాడు. దూది దట్టించిన గోడల వాసన. ఎన్నాళ్ళకి! జార్ సంచీ మూల పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కాగితం మీదకి దీపం వంచింది. చెవుల్లో మంజూష, అంత దగ్గరగా, అలసటగా: "నమస్తే అండి. ముందు మీ పేరు చెప్పి, తర్వాత డైలాగ్ చెప్పండి. కేదార్, షాట్ వెయ్."

తెర మీద హాస్టల్ గేటు. కాగితం మీద బ్రాకెట్లో 'కోపంగా', కింద డైలాగు: 'గేటు వేశాక వచ్చావు. మీ ఇంట్లో నన్ను చెప్పమంటావా, నువ్వే చెప్పుకుంటావా?' పేరు చెప్పలేదు. ఊపిరి తీసుకుని కోపంగా మొదలుపెట్టింది. గేటు అన్నది బాగానే వచ్చింది. 'వచ్చావు' దగ్గర పైకెళ్ళబోయింది, అక్కడ మెట్టు లేదు, గొంతు జారి ఉత్త గాలి అయిపోయింది. మిగతా డైలాగంతా ఆ గాలిలోనే కొట్టుకుపోయింది. తెర నల్లబడింది. చెవుల్లో మంజూష, అదే మర్యాద, పాలు పొంగిన సాయంత్రం నాటి అదే మర్యాద: "థాంక్యూ అండి. మేం చెప్తాం." మేం చెప్తాం అంటే ఏమిటో సుమశ్రీకి తెలియదా? ఈ బెంచీల మీద ఎంతమందిని చూడలేదు, మేం చెప్తాం విని మెట్లు దిగి పోయినవాళ్ళని. చెయ్యి హెడ్‌ఫోన్స్ మీదకి వెళ్ళింది. తీసెయ్. తీసి, జార్ తీసుకుని, వెనక మెట్ల నుంచి పో. ఎవరికీ తెలీదు. లంచ్‌కి తలనొప్పి. సుహానా మాట్లాడనంది. మాట్లాడకపోతే మానె. గ్లాసులో నీళ్ళు, స్ట్రా, బుడగలు, పాప నవ్వు, ఏడాదిన్నర పొద్దులు, అన్నీ ఈ ఒక్క 'వచ్చావు' కోసమా? కాదు. పోను. నేను పోను.

"ఇంకొక్కటి," అంది మైకులో.

అవతల ఎవరో నిట్టూర్చారు. "కేదార్, ఇంకోసారి వెయ్," అంది మంజూష. సుమశ్రీ దీపం ఆర్పేసింది. కాగితం కనపడకుండా పోయింది, తెర ఒక్కటే మిగిలింది. అప్పుడు చూసింది ఆ మనిషిని. కాగితంలో కోపంగా అని రాసి ఉంది గానీ తెర మీది ఆవిడ అరవడం లేదు. మెడ నరం ఉబ్బలేదు. పెదాలు సరిగ్గా తెరుచుకోను కూడా లేదు. గేటు తాళం వేసుకుంటూ, వెనక్కి కూడా చూడకుండా, తాళంతో మాట్లాడుతున్నట్టు ఆ మాట అంటోంది. మనిషిని చూడకుండా కాగితం చదివితే ఎవరైనా అరుస్తారు, తనూ అరవబోయింది, పదేళ్ళు చేసినదాన్ని నాకే బుద్ధి లేదు! నేత చీర. తాళంచెవుల గుత్తి. మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకున్న పిల్ల. గొంతుని ఎక్కడికీ ఎక్కించలేదు. దానికి చోటున్న చోటే, మెట్రో కింద మ్మ్ మ్మ్ అని వెతుక్కున్న చోటే కూర్చోబెట్టి, ఆవిడ పెదాలు కదిలిన మేరకి వదిలింది.

"గేటు వేశాక వచ్చావు." గరుకుగా, నిదానంగా, గాలి కొంచెం తగులుతూ. ఆ గాలి కూడా అందులో సరిపోయింది, పొద్దుటి నుంచి చాకిరీ చేసిన మనిషి ఊపిరి అది. "మీ ఇంట్లో నన్ను చెప్పమంటావా, నువ్వే చెప్పుకుంటావా?" తాళం పడింది. తెర మీద పెదాలు మూసుకున్నాయి, ఆమె పెదాలూ మూసుకున్నాయి, వెంట్రుక వాసి తేడా లేదు. తర్వాత తెర మీద ఆవిడ పిల్ల వైపు తిరుగుతుంది, కాగితంలో అక్కడ ఏమీ లేదు, కానీ పెదాలు కొంచెం కదిలాయి. సుమశ్రీ ఆ సందులోకి తన సొంత మాట పెట్టింది. "తిన్నావా, అమ్మా?"

తెర నల్లబడింది. పోతే పోయింది, చెప్పాల్సింది చెప్పాను, ఇంతకన్నా నా దగ్గర లేదు, ఇదే ఉంది. కుర్చీ కిర్రుమంది అవతల. మంజూష గొంతు ఇప్పుడు మైకుకి మరీ దగ్గరగా, మర్యాద జారిపోయి, హాస్టల్ మెట్ల మీద దొరికిపోయిన పిల్ల గొంతు: "అమ్మో... కేదార్, ఇంకెవర్నీ పిలవకు. ఈవిడే. చాలు, ఈవిడే." కాగితాలు జరుపుతున్న చప్పుడు. "మా హాస్టల్లో ఒకావిడ ఉండేదండీ, అచ్చం ఇలాగే... ఒళ్ళు జలదరించింది నాకు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు? పేరు కూడా చెప్పలేదు. ఎవరండీ?"

అవే మాటలు. ఆనాడు వంటింట్లో పొయ్యి పక్కన నిలబెట్టి చంపేసిన మాటలు. ఇప్పుడు చీకట్లో హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని వింది, ఇంకోసారి అడిగితే బాగుండుననిపించింది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఈ గొంతులో ఒకేలా ఉంటాయి. ఊపిరి తీసుకుంది. తొందరేం లేదు. దీపం వెలిగించింది, మైకుకి ఒక బెత్తెడు దగ్గరికి జరిగింది, మొదటిసారి టెస్టుకొచ్చిన కొత్తమ్మాయి చెప్పినట్టు, అక్షరం అక్షరం విడమరిచి చెప్పింది.

"సుమశ్రీ."

గోడకి అవతల ఏదో కిందపడి దొర్లింది. ఆమె ఇంకేమీ కలపలేదు, 'నేనే' అని గానీ, 'గుర్తుపట్టలేదా' అని గానీ అనలేదు.

"పేరు చెప్పానుగా," అంది ఆ బరువైన గొంతుతో. "రాసుకోవే."